కాఫీ తాగండి, అయిపోయినట్టే

అన్నం, మాంసం కూరడానికి కూసా కాయలు తొలవడం ఒక రకం శిక్ష. కాయ పగలకూడదు, అడుగున చిల్లు పడకూడదు, లోపలి గుజ్జు మాత్రం పూర్తిగా బయటికి రావాలి. శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి ఆడపడుచులు, వాళ్ళ మొగుళ్ళు, పిల్లలు అందరూ దిగుతారు కాబట్టి గురువారం సాయంత్రం నుహా వంటింటి నేల మీద తట్ట ముందు కూర్చుని ఒక్కో కాయనే తొలుస్తోంది. చెవిలో ఇయర్‌ఫోన్. దానిలోంచి ఎవరో కుర్రాడు, తను రోజూ తెల్లారేదాకా ఫోనులో ఆటలాడతాననీ, బడిలో తల దిమ్మెక్కుతోందనీ, ఏం చెయ్యాలో చెప్పమనీ అడుగుతున్నాడు. చేతులు ఖాళీ లేక జవాబు తర్వాత చెప్దాంలే అనుకుంది.

"ఏమే ఉమ్ ఖాలిద్, చెవిలో ఆ పుల్ల తియ్యి. పిలుస్తుంటే వినపడ్డం లేదా?" అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దున లేచి ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో చెప్పడానికి పిల్లలకి ఫోన్లో ఒక టీచరమ్మ కావాలా? మా కాలంలో ఆ పనికి అమ్మలుండేవాళ్ళు."

ఉమ్ ఖాలిద్ అంటే ఖాలిద్ తల్లి. ఆ ఖాలిద్ ఈ లోకంలో ఎక్కడా లేడు. నుహా మామగారి పేరు ఖాలిద్. పుట్టబోయే మనవడికి ఆ పేరు ముందే ఖాయం చేసి పెట్టారు. మనవడు పుట్టలేదు, లుజైన్ అనే మనవరాలు పుట్టింది. దానికిప్పుడు పద్నాలుగేళ్ళు. అయినా సల్త్ ఊరు ఊరంతా ఆ మొగుడూ పెళ్ళాలని అబూ ఖాలిద్ అనీ ఉమ్ ఖాలిద్ అనీ పిలుస్తూనే ఉంది. కన్న పిల్ల ఎదురుగా తిరుగుతుంటే కనని పిల్లాడి పేరుతో పిలిపించుకోవడం ఎలా ఉంటుందో నుహాని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. చెప్పకుండా ఊరుకున్న వాటిలో అదొకటి.

ఆమె ఆడపిల్లల హైస్కూల్లో ఆరోగ్య పాఠాల టీచరు. మహమ్మారి రోజుల్లో బడి మూసేసినప్పుడు ఫోన్లో పాఠాలు మొదలుపెట్టింది. బళ్ళు తెరిచాక కూడా పిల్లలు వదల్లేదు. తన బడి పిల్లలే కాదు, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరారు. గురువారం పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు అయ్యాక లైవ్. నిద్ర గురించి, టిఫిను మానేయడం గురించి, నెలసరి నొప్పి గురించి, బరువు తగ్గాలని తిండి మానేసే పిచ్చి గురించి, సిగరెట్టు ఒక్కటే కదా అనుకోవడం గురించి చెప్పేది. మొగుడు మున్‌జిర్ మొదట్లోనే షరతు పెట్టాడు. "ముఖం కనపడకూడదు. మా ఇంటి పేరు వినపడకూడదు. నలుగురూ నన్ను అడుగుతారు." సరేనంది. అందుకని ఆ పిల్లలందరికీ ఆమె రెండు చేతులూ ఒక గొంతూ మాత్రమే. ఆ చేతులు కీరదోస ముక్కలు కోస్తాయి, రొట్టె మీద జాతర్ అనే మూలికల పొడి, ఆలివ్ నూనె రాస్తాయి, గ్లాసులో నీళ్ళు పోస్తాయి. గొంతు మాట్లాడుతుంది. ఇంట్లో తలుపు మూసుకునే చోటు బట్టలుతికే గది ఒక్కటే కాబట్టి పాఠాలన్నీ అక్కడినుంచే. ఒక్కోసారి పాఠం మధ్యలో మెషీను గిర్రున తిరగడం మొదలుపెట్టేది, ఆమె నవ్వేసి, "మా ఇంట్లో పని ఆగదమ్మా" అనేది. అది జోకనుకుని పిల్లలు నవ్వుతూ బొమ్మలు పంపేవాళ్ళు.

మున్‌జిర్‌కి ఆ పాఠాల మీద ఒకటే మాట ఉండేది. బయటినుంచి వచ్చి బూట్లు విప్పుతూ అనేవాడు: "ఊళ్ళో పిల్లలందరికీ నీళ్ళు తాగండి నీళ్ళు తాగండి అని చెప్తావు. ఇంటికొచ్చిన మొగుడికి గ్లాసు నీళ్ళిచ్చే తీరిక మాత్రం లేదు." నలుగురిలో ఉన్నప్పుడు ఇదే మాట ఇంకాస్త పెద్ద గొంతుతో అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. నుహా కూడా నవ్వేది. నవ్వీ నవ్వీ ఆ నవ్వు ఆమె దవడల్లో నొప్పిగా మిగిలిపోయింది. ఈ మధ్య అతను పురపాలక ఎన్నికల్లో నిలబడ్డాడు. అప్పట్నుంచీ ఇల్లు సత్రమైపోయింది. ఎవరెవరో వస్తారు, తింటారు, కాఫీ తాగుతారు, వెళ్తారు. వండింది ఎవరో, గిన్నెలు కడిగింది ఎవరో అతని ప్రచారం కాగితాల్లో ఎక్కడా లేదు.

మరునాడు, శుక్రవారం భోజనాలయ్యాక, అబూ ఫవ్వాజ్ వచ్చాడు. ఊళ్ళో పెద్ద వ్యాపారి. వాళ్ళ వంశం ఓట్లు ఎటు పడితే గెలుపు అటే. తోడుగా నలుగురు పెద్దమనుషుల్ని తెచ్చుకున్నాడు, భార్యని కూడా తీసుకొచ్చాడు. మగవాళ్ళు ముందుగదిలో కూర్చున్నారు. ఉమ్ ఫవ్వాజ్ వంటింట్లోకి వచ్చి, నుహా వద్దంటున్నా వినకుండా గిన్నెలు తుడవడానికి గుడ్డ అందుకుంది.

యాలకులు వేసిన కాఫీని మున్‌జిర్ తన చేత్తోనే చిన్న కప్పుల్లో పోశాడు. అబూ ఫవ్వాజ్ కప్పు అందుకుని, తాగకుండా ముందున్న బల్ల మీద పెట్టేశాడు. తోడొచ్చిన వాళ్ళూ పెట్టేశారు. అంటే అడగవలసింది ఏదో ఉందన్నమాట. అది తీరుస్తానని ఇంటివాడు మాటిచ్చేదాకా వచ్చినవాళ్ళు కప్పు ముట్టరు. ఏం కావాలో అడిగి, విని, అప్పుడు తాగమనొచ్చు. అడక్కుండానే తాగమనడం ఇంకా గొప్ప. మహా ఉదారులు, పేరున్నవాళ్ళు అలా అంటారు. మున్‌జిర్‌కి ఆ గొప్ప కావాలి.

"తాగండి అబూ ఫవ్వాజ్, కాఫీ తాగండి! మీరు దేనికొచ్చారో అది అయిపోయినట్టే!"

పెద్దమనుషులు శభాష్ అన్నారు. అందరూ కప్పులెత్తారు. తాగాక అబూ ఫవ్వాజ్ మీసం తుడుచుకుని చెప్పాడు. "నీ ఇల్లు చల్లగా ఉండాలి అబూ ఖాలిద్. పెద్ద కోరికేం కాదు. పన్నెండో తరగతి తౌజీహీ పరీక్షలొస్తున్నాయి. మా డేగ డబ్బా తాగితే నిద్ర రాదు, చదువు బాగా ఎక్కుతుంది. మీ ఆవిడ మాటంటే పిల్లలకి గురట కదా. వచ్చే గురువారం లైవులో ఆవిడ నోటితో ఒక్క మాట చెప్తే చాలు. మున్‌జిర్ భార్యనని పేరు కూడా చెప్పమను, నీకూ ప్రచారమే."

తలుపు వెనక ఖర్జూరాల పళ్ళెంతో నిలబడ్డ నుహాకి మొగుడి ముఖం కనిపించింది. ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. "దానిదేముంది, చెప్తుంది" అన్నాడు.

డేగ బొమ్మ ఉన్న ఆ ఎనర్జీ డ్రింక్ డబ్బాలు ప్రతి బడి ఎదుటి కొట్లోనూ ఉంటాయి. పోయిన చలికాలం ఆమె బడిలోనే సదీల్ అనే పిల్ల, రాత్రంతా చదవడానికని వరసగా అవి తాగి, పొద్దున వరండాలో కుప్పకూలింది. అంబులెన్సు వచ్చేదాకా నుహా ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కూర్చుంది. వేళ్ళ కింద ఆ నాడి కొట్టుకున్న తీరు ఆమె మర్చిపోలేదు. సదీల్ బతికింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే వాయిస్ మెసేజ్ పెడుతుంది. "మిస్, ఇవాళ గుడ్డు తిన్నాను, పాలు తాగాను. మీరు చెప్పినట్టే త్వరగా పడుకున్నాను. మీరు మంచిదంటే మంచిది, వద్దంటే వద్దు." రేపు ఇదే గొంతు తాగమంటే ఆ పిల్ల తాగుతుంది. అలాంటి పిల్లలు ఎంతమంది తాగుతారో నుహాకి తెలియదు. తెలుసుకోవాలంటే భయమేసింది.

ఆమె పళ్ళెంతో అలాగే వంటింట్లోకి వెనక్కి వచ్చింది. ముందుగదిలో మాటలు వినపడని ఉమ్ ఫవ్వాజ్ తన ధోరణిలో తను కబుర్లు చెప్తోంది. "మగపిల్లలతో వేగలేం వదినా. మా ఫవ్వాజ్ ఓసారి వాళ్ళ నాన్న గోడౌన్లోంచి ఆ డేగ డబ్బా ఒకటి తెచ్చుకు తాగాడు. అమ్మో, మా ఆయన బెల్టు తీశాడు. మా ఇంటి గడప లోపలికి అది రాకూడదని ఒట్టు. వాడికి చిన్నప్పుడు గుండెలో ఏదో చప్పుడుందన్నార్లే, అదంతా తగ్గిపోయింది, అయినా ఆయనకి భయం. ఏంటి వదినా, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు" అంది నుహా. "ఆ గుడ్డ తడిసిపోయింది, ఇదిగో ఇంకోటి తీసుకో."

వాళ్ళు వెళ్ళాక మొగుడితో మామూలుగానే చెప్పింది. అరవలేదు.

"నేను చెప్పను. ఆ డబ్బా వల్ల ఒక పిల్ల నా కళ్ళముందు పడిపోయింది."

"చెప్పకపోవడమేంటి? మాటిచ్చాను."

"మీరిచ్చింది నా నోటి మాట. కనీసం ఏం కావాలని అడక్కుండా ఇచ్చారు."

"ఇప్పుడు లెక్చరు పెట్టకు. వాళ్ళు కాఫీ తాగేశారు! పెళ్ళాం నా మాట వినలేదని ఆయనకి చెప్పమంటావా? ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలనా? చెప్తే సరే. చెప్పకపోతే ఆ లైనూ నా పేరు మీదుంది, నంబరూ నా పేరు మీదుంది. రేపే పీకించేస్తా. మీ హెడ్మిస్ట్రెస్‌కి కూడా నాలుగు ముక్కలు చెప్తా."

అత్తగారు జపమాల తిప్పుతూ అందుకుంది. "పిల్లలకి తినండి, తాగండి అని చెప్పేదే కదా నీ పని. ఇదీ తాగేదే. మొగుడి కోసం ఒక్క మాట చెప్తే నీ నోరేం అరిగిపోతుందా?"

ఇన్నేళ్ళూ దాచమన్న పేరు ఇప్పుడు చెప్పమంటున్నారు. ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన గొంతు ఇప్పుడు పనికొచ్చింది. పనికొచ్చిందని తెలిసిన మరుక్షణం దాన్ని తీసి ఎవరికో ఇచ్చేశారు, ఇంట్లో మిగిలిన కూర పక్కింటికి పంపినట్టు. నుహాకి ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. దాని బదులు ఒళ్ళంతా మండింది, తర్వాత ఆ మంట చిత్రంగా చల్లబడి ఒక ఆలోచనగా మారింది. ఆ ఆలోచన ఆమెకి ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి పెళ్ళయ్యాక ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయింది.

మరునాడు పొద్దున టీలో పుదీనా వేసి మొగుడికి అందిస్తూ, "ఆలోచించాను, మీరన్నదే రైటు. మాటిచ్చాక తప్పకూడదు" అంది.

మున్‌జిర్ ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. అక్కడేం కనిపించలేదు. ఇన్నేళ్ళలో ఆ ముఖం చదవడం అతను నేర్చుకోలేదు, అవసరం పడలేదు.

"కానీ చేస్తే ఘనంగా చెయ్యాలి" అంది నుహా. "ఏదో మూల గదిలోంచి చెప్పేస్తే మీకేం పేరు? మీ వంశం వాళ్ళ దీవాన్‌లో అందర్నీ కూర్చోబెట్టండి. పెద్ద టీవీ పెట్టించండి. నేను ఇక్కడినుంచి మాట్లాడతాను, మీరక్కడ చూస్తారు. దీవాన్‌లో కూడా ఒక ఫోను పెడితే మీరంతా లైవులో కనపడతారు. అబూ ఫవ్వాజ్ పక్కన మీరు. ఓట్లేసే వాళ్ళందరి ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు కదా, వాళ్ళతోపాటు పెద్దవాళ్ళూ చూస్తారు. ఆయన్ని కొడుకుని కూడా తెచ్చుకోమనండి. పిల్లాడు పక్కనుంటే చూడ్డానికి బాగుంటుంది."

మున్‌జిర్ ఆ వారమంతా ఆనందంతో చంకలు గుద్దుకున్నాడు. "మా ఆవిడ ఐడియా" అని అందరికీ చెప్పాడు. పెళ్ళయ్యాక ఆమెకి దొరికిన మొదటి మెప్పు అది. దీవాన్ అంటే వంశంలో పెళ్ళి మాటలైనా చావు పరామర్శలైనా జరిగే పెద్ద హాలు. ఆడవాళ్ళు అడుగు పెట్టని ఆ హాలుకి నుహా నాలుగు పెద్ద పళ్ళేల మన్సఫ్ వండి పంపింది. పెరుగు విరగకుండా గంటసేపు కలుపుతూ, మాంసం ఎముకని వదిలేదాకా ఉడికిస్తూ, వేయించిన బాదం పప్పులు అన్నం మీద చల్లుతూ ఆమె కూనిరాగం తీసింది. ప్రేమతో వండినప్పుడు కూడా ఆ వంట ఎప్పుడూ అంత బాగా కుదరలేదు.

ఒక్క ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. ఫవ్వాజ్. పెద్దవాళ్ళ మధ్య గొడవలోకి ఆ పిల్లాణ్ణి లాగుతున్నానా? లాగుతున్నాను, అని ఒప్పుకుంది తనతో తను. తండ్రి వాణ్ణి తాగనివ్వడని ఆమెకి గట్టి నమ్మకం. నమ్మకం తప్పితే తనే అరిచి ఆపేస్తుంది, ఆ తర్వాత జరిగేది జరుగుతుంది. ఉమ్ ఫవ్వాజ్ చెప్పిన మాట మాత్రం ఎక్కడా పైకి రానివ్వకూడదు. ఆవిడ ఇంట్లో కూడా ఒక బెల్టు ఉంది.

గురువారం మగ్రిబ్ అయ్యింది. బట్టల గదిలో మెషీను మీద ఫోను నిలబెట్టి, నుహా తల మీది రుమాలు సరిచేసుకుంది. లుజైన్ గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుకుతోంది.

"అమ్మా, నిజంగా దాన్ని తాగమని చెప్తావా? మా క్లాసులో అందరూ చూస్తున్నారే. రేపు నేను బడికెళ్ళను."

"గోళ్ళు కొరక్కు, కడుపులో పురుగులు పడతాయని ఎన్నిసార్లు చెప్పాను. ఇలా వచ్చి కూర్చో."

లైవ్ మొదలైంది. తెర పైసగంలో ఎప్పటిలా ఆమె చేతులు. కింది సగంలో దీవాన్. గోడ వారగా వరసగా కూర్చున్న మగవాళ్ళు, మధ్యలో సూటు వేసుకున్న మున్‌జిర్, పక్కన అబూ ఫవ్వాజ్, ఆయన పక్కన పొడుగ్గా సన్నగా ఫవ్వాజ్. ముందు బల్ల మీద గోపురంలా పేర్చిన డేగ డబ్బాలు. పిల్లల సలాములు వరదలా వచ్చిపడుతున్నాయి. నుహా చెయ్యి చాచి ఫోను పైకి తిప్పింది. మొట్టమొదటిసారి ఆమె ముఖం కనిపించింది. దీవాన్‌లో మున్‌జిర్ లేవబోయి, అందరూ చూస్తున్నారని మళ్ళీ కూర్చున్నాడు.

"పిల్లలూ, నేను నుహాని. లుజైన్ వాళ్ళమ్మని. పరీక్షలప్పుడు మెలకువగా ఉండడం ఎలా అన్నది ఇవాళ్టి పాఠం. దానికి ముందు మా ఇంటి మాట ఒకటి చెప్పుకోవాలి. పోయిన శుక్రవారం అబూ ఫవ్వాజ్ గారు మా ఇంటికొచ్చారు. మా ఆయన, ఆయనకేం కావాలో అడక్కుండానే కాఫీ తాగండి, అయిపోయినట్టే అన్నాడు. అంత ఉదారుడు. తాగాక తెలిసింది, ఆయనకి కావలసింది నా మాట అని. ఎదురుగా కనిపిస్తున్న ఆ డబ్బా తాగమని మీకు నేను చెప్పాలి."

దీవాన్‌లో కొందరు నవ్వారు. మున్‌జిర్ నవ్వలేదు.

"అబూ ఫవ్వాజ్ గారూ, మా ఇంటి కాఫీ తాగారు, మా ఆయన మాట పోనివ్వను. మీరు ఒక్కటి చెయ్యండి. మీ పక్కన ఫవ్వాజ్ ఉన్నాడు, వాడికీ ఈ యేడు పరీక్షలే. మీ చేత్తో ఒక డబ్బా మూత తీసి వాడికివ్వండి. వాడు తాగడం పిల్లలందరూ చూస్తారు. వాడు తాగిన మరుక్షణం మీరేం చెప్పమంటే అది చెప్తాను, ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెప్తాను."

"బాగా అడిగిందయ్యా!" అన్నాడొక ముసలాయన నవ్వుతూ. "ఇవ్వవయ్యా, దానిదేముంది."

అబూ ఫవ్వాజ్ గొంతు సవరించుకున్నాడు. "పిల్లాడు ఇప్పుడే భోంచేశాడు..." అని నీళ్ళు నమిలాడు.

ముసలాయన ఊరుకోలేదు. తనే ఒక డబ్బా అందుకుని, టప్పున మూత లాగి, కుర్రాడి చేతిలో పెట్టాడు. "తాగరా సింహమా!" ఫవ్వాజ్ ఒకసారి తండ్రి వైపు చూశాడు, ఒకసారి కెమెరా వైపు చూశాడు, వయసు పిల్లాడు కదా, ఊరంతా తన్నే చూస్తుంటే ఉత్సాహం వచ్చి డబ్బా పైకెత్తాడు. నుహా కుర్చీలోంచి లేచింది, అరవడానికి నోరు తెరిచింది.

ఆమె అరవనవసరం లేకపోయింది. అబూ ఫవ్వాజ్ చెయ్యి విసురుగా వచ్చి ఆ డబ్బాని కొట్టింది. అది ఎగిరి తివాచీ మీద పడి పచ్చగా కారింది.

"ముట్టుకోవద్దని నీకెన్నిసార్లు చెప్పానురా!"

తెర మీద పిల్లల మాటలు ఆగిపోయాయి. అబూ ఫవ్వాజ్ తన చెయ్యి వంకే చూసుకుంటున్నాడు.

నుహా కూర్చుంది. "విన్నారుగా పిల్లలూ. వాళ్ళ నాన్న వాడికి చెప్పిందే నేను మీకు చెప్తున్నాను. ఆ తండ్రికి కొడుకు మీద ప్రేమ ఉంది, అది తప్పు కాదు. మీకూ తల్లిదండ్రులున్నారు, వాళ్ళకీ మీరంటే ప్రేమే. మెలకువగా ఉండాలంటే ముందు నిద్రపోవాలి. ఇప్పుడు పాఠంలోకి వద్దాం." కింది సగం ఎప్పుడో నల్లబడిపోయింది. ఆమె పాఠం మొత్తం చెప్పింది. చల్లనీళ్ళతో ముఖం కడుక్కోవడం దగ్గర్నుంచి చదువు మధ్యలో లేచి నడవడం దాకా ఏదీ వదల్లేదు. లుజైన్ నేల మీద కూర్చుని, గోళ్ళ సంగతి మర్చిపోయి, తల్లి ముఖాన్నే చూస్తోంది.

అత్తగారు గది బయటే నిలబడి ఉంది. ఏదో అనడానికి వచ్చినట్టే ఉంది. నుహా తలుపు తెరిచి ఎదురుగా నిలబడేసరికి జపమాల సర్దుకుని పక్కకి తప్పుకుంది.

కాసేపటికి మున్‌జిర్ వచ్చాడు. అరుస్తాడనుకుంది, అరవలేదు. టై లాగేసి, బట్టల గదిలో బోర్లించి ఉన్న బకెట్టు మీద కూలబడ్డాడు. అతను ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి.

"అందరూ లేచి వెళ్ళిపోయారు" అన్నాడు. "మన్సఫ్ ఎవరూ ముట్టలేదు. అబూ ఫవ్వాజ్ నా చెయ్యి కూడా కలపలేదు. ఇక ఎన్నికల మాట మర్చిపోవాలి. ఆ ముసలాయన ఏమన్నాడో తెలుసా? అడిగి తాగించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదయ్యా అన్నాడు, అందరి ముందూ."

నుహా మెషీనులోంచి తడిబట్టలు తీసి బుట్టలో వేసి, ఆ బుట్టని అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

అతను తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒక్కటి చెప్పు. నిజం చెప్పు. ఇదంతా ఆ పిల్లల కోసమేగా? వాళ్ళ ఆరోగ్యం కోసం చేశావు, అంతేగా? అలాగైతే నేను ఎలాగో సర్దుకుంటాను."

నుహా నిజంగానే ఆలోచించింది. అవునంటే అతనికి తేలికవుతుంది. అవుననడం ఆమెకి కూడా అలవాటే.

"పిల్లల కోసమే అయితే తాగొద్దని ఒక్క మాట చెప్తే సరిపోయేది. దీవాన్‌లో పెద్ద టీవీ పెట్టించమన్నది నీ కోసం."